చిన్న విమానములలో తనిఖీ పట్టిక: కాగితము నుండి యాప్ వరకు

చిన్న విమానము నడప నేర్చుకొనవచ్చిన విద్యార్థి మొదటి దినమున నేర్చుకొనునది విమానము చుట్టు నడచుట. రెక్క అంచును చేతితో తడవి చూచును. ఇంధనపు తొట్టి మూత విప్పి లోనికి తొంగి చూచును. చక్రములలో గాలి కలదా, ప్రొపెల్లరు రేకుపై గంటు పడినదా, తోకవద్ద కీలు వదులైనదా అని ఒక్కొక్కటే పరీక్షించును. ఈ నడక అతని ఇచ్చ ననుసరించి సాగదు. పట్టికలో ఏది ముందున్నదో అది ముందు, ఏది వెనుకనున్నదో అది వెనుక. దీనిని తనిఖీ పట్టిక అనవచ్చును; విమానశాలలలో అందరు వాడు మాట చెక్‌లిస్టు.

తెలుగునేలపై ఈ విద్య క్రొత్తది కాదు. హైదరాబాదులోని బేగంపేట విమానక్షేత్రమున తెలంగాణ ఏవియేషన్ అకాడమీ కలదు. నగరమునకు వాయవ్యమున దుండిగల్లులో భారత వైమానిక దళపు అకాడమీ కలదు. వరంగల్లు దాపున నిజాము కాలమున నిర్మింపబడిన మామునూరు విమానక్షేత్రము 1981 వరకు పనిచేసి మూతపడెను. దానిని తిరిగి అభివృద్ధి చేయుటకు కేంద్ర ప్రభుత్వము 2025 ఫిబ్రవరిలో అనుమతి నొసగినది. జనగామ ఈ రెండు నగరముల నడుమ, హైదరాబాదు–వరంగల్లు దారిపైనున్న పట్టణము. ఇచటి ఉన్నత పాఠశాలలలో భౌతికశాస్త్రము చదువుచున్న బాలబాలికలలో కొందరు రేపు అట్టి విమానముల చోదకస్థానమున కూర్చుండవచ్చును.

ఇటీవలి సంవత్సరములలో ఈ పట్టిక రూపు మారినది. కాగితమునకు బదులు టాబ్లెట్ వచ్చినది. దానిని తొడపై పట్టీతో కట్టుకొని, అందులోని యాప్‌లో ఒక్కొక్క అంశమును వ్రేలితో తాకుచు పైలటు తన తనిఖీ ముగించును. ఈ మార్పు వలన విమానయానము మరింత క్షేమకరమైనదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు పూర్వము, అసలు పట్టిక ఎందులకు పుట్టినదో తెలిసికొనవలెను.

తాళము తీయని విమానము

1935 అక్టోబరు 30న అమెరికాలో డేటన్ నగరము చెంతనున్న రైట్ ఫీల్డు అను విమానక్షేత్రమున ఒక పరీక్ష జరిగినది. బోయింగు సంస్థ నిర్మించిన మోడల్ 299 అను నాలుగు ఇంజనుల బాంబరు సైనికాధికారుల యెదుట పైకి లేచినది. నడపినవాడు మేజర్ ప్లోయర్ హిల్, మిక్కిలి అనుభవశాలి. విమానము నిటారుగా ముక్కెత్తి, కొంత దూరము పైకి పోయి, వేగము కోల్పోయి నేలగూలి మండిపోయినది. హిల్, బోయింగు సంస్థ పరీక్షా చోదకుడు లెస్లీ టవర్ మరణించిరి.

విచారణలో యంత్రదోషమేమియు కానరాలేదు. నేలపై నిలిచియున్న విమానపు తోకభాగములు ఈదురుగాలికి కొట్టుకొనకుండ వానికి తాళము వేయుదురు. లేచుటకు ముందు దానిని తీయవలెను. ఆ దినమున తీయలేదు. తోకయందలి ఎలివేటరు అను రేకు కదలినగాని విమానపు ముక్కు వంగదు. ఎలివేటరు బిగిసియుండగా చోదకుడెంత నెట్టినను ముక్కు క్రిందికి రాదు. గాలికి రెక్క వాలియుండు కోణము హద్దు మీరగానే, రెక్క పైభాగమున నునుపుగా ప్రవహించు గాలి రెక్కను విడిచి సుడులు తిరుగును. అంతట ఎత్తిపట్టు బలము హఠాత్తుగా తగ్గిపోవును. దీనినే స్టాల్ అందురు.

ఇంతటి జటిలమైన విమానమును ఒక మనిషి నడపజాలడని కొందరు అనిరి. సైనిక చోదకులు మాత్రము వేరు విధముగా ఆలోచించిరి. హిల్‌ను మించిన నిపుణుడు దొరకుట కష్టము. కావున శిక్షణను పెంచుట వలన ప్రయోజనము లేదు. బయలుదేరుటకు ముందు, లేచుటకు ముందు, దిగుటకు ముందు చేయవలసిన పనులను వారు చిన్న పట్టికలుగా వ్రాసికొనిరి. ఆ నమూనానుండి వచ్చిన బి-17 విమానములు తరువాత 12 వేలకు పైగా తయారైనవి. పట్టిక విమానయానమున స్థిరపడినది.

జ్ఞాపకము ఎచట తప్పును?

తాళము తీయవలెనని హిల్ ఎరుగడా? ఎరుగును. మోటారు సైకిలు ప్రక్క స్టాండు తీయక బయలుదేరువానికి స్టాండు సంగతి తెలియక కాదు. తెలిసియుండుట వేరు, తగిన సమయమునకు తోచుట వేరు. మనస్తత్వశాస్త్రజ్ఞులు ఈ రెండవదానిని ప్రత్యేకమైన జ్ఞాపకశక్తిగా పరిగణింతురు. రేపు ఉదయము మందు వేసికొనవలెనను సంకల్పమును ఆ ఉదయముననే గుర్తు తెచ్చుకొనుట ఇట్టిది. ఇది మూడు చోట్ల తరచుగా తప్పును.

మొదటిది అంతరాయము. పైలటు ఆరవ అంశముకడ నుండగా రేడియోలో పిలుపు వచ్చును. బదులు చెప్పి తిరిగి వచ్చునప్పటికి ఆరవది పూర్తియైనదని మనసు నమ్మును. రెండవది అలవాటు. ఒకే పనిని నూరుమార్లు చేసినవానికి నిన్న చేసిన జ్ఞాపకము నేటిదిగా తోచును. మూడవది తొందర. ఎండ ముదురుచున్నది, వెనుక మరొక విమానము వేచియున్నది. అట్టియెడ మనసు ఫలితమువైపు పరుగిడును. మనిషి ఒక్కసారి మనసున నిలుపుకొనగల అంశములు ఏడుకు రెండు అటునిటుగా ఉండునని జార్జి మిల్లరు 1956లో వ్రాసెను. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య నాలుగు చెంతనే యుండునని చెప్పిరి. చిన్న విమానమున తనిఖీ చేయవలసిన అంశములో, పదుల సంఖ్యలో నుండును.

చిన్న విమానమున ఏమి చూతురు?

సెస్నా 152, 172 అను ఒంటి ఇంజను విమానములు శిక్షణకు ప్రపంచమంతట వాడబడుచున్నవి. వీని పట్టికలలోని ప్రతి అంశము వెనుక ఒక శాస్త్రకారణము కలదు. మూడింటిని చూతము.

రెక్కలలోని తొట్టి అడుగునుండి కొంత ఇంధనమును గాజువంటి చిన్న గొట్టములోనికి తీయుట ఒకటి. సగము నిండిన తొట్టిలో రాత్రి చల్లదనమునకు గాలిలోని తేమ నీటిబొట్లుగా మారవచ్చును. విమాన పెట్రోలు లీటరు సుమారు 0.72 కిలోగ్రాము తూగును, నీరు ఒక కిలోగ్రాము. కావున నీరు అడుగున చేరి, ఇంజనుకు పోవు గొట్టమున మొదట ప్రవేశించును. ఈ తరగతి ఇంజనులలో విరివిగా వాడు పెట్రోలుకు గుర్తుగా నీలిరంగు కలుపుదురు. గొట్టములో నీలి ద్రవము క్రింద రంగులేని బొట్టు కనబడినచో అది నీరు. ఇచట ఒక మోసము కలదు. గొట్టము నిండ నీరే వచ్చినచో రెండు పొరల నడుమ గీత యుండదు. ద్రవము నిర్మలముగా కనబడును. గీతకొరకే చూచువాడు “నీరు లేదు” అని గుర్తు పెట్టును. రంగు చూచువాడు, వాసన చూచువాడు ప్రమాదము గ్రహించును.

రెండవది మాగ్నెటోల పరీక్ష. ఇంజనులోని ప్రతి సిలిండరునకు రెండు స్పార్కు ప్లగ్గులు, వానికి రెండు వేర్వేరు మాగ్నెటోలు ఉండును. మాగ్నెటో అనగా తిరుగు అయస్కాంతముతో విద్యుత్తు పుట్టించు సాధనము. బ్యాటరీ చెడినను ఇది పనిచేయును. సెస్నా 152లో ఇంజనును నిమిషమునకు 1,700 చుట్లు తిప్పుచు ఒక మాగ్నెటోను ఆపి చూతురు. ఒక్క ప్లగ్గుతోనే దహనము జరుగుటచే చుట్లు కొంత తగ్గును. ఆ తగ్గుదల 125కు మించరాదు; రెండింటి నడుమ భేదము 50కి మించరాదు. చుట్లు బొత్తిగా తగ్గనిచో? కొత్తవాడు సంతోషించును. నిజమునకు అది ఆపిన మాగ్నెటో ఆగలేదనుటకు గుర్తు కావచ్చును. ఆపు తీగ తెగియుండవచ్చును. అట్టి విమానము నేలపై నిలిచియుండగా ఎవరైన ప్రొపెల్లరును చేతితో త్రిప్పినచో ఇంజను అంటుకొని ప్రాణము తీయగలదు.

మూడవది నియంత్రణముల కదలిక. చక్రమును ఎడమకు త్రిప్పి, కిటికీనుండి రెక్కలవైపు చూడవలెను. ఎడమ రెక్కపై రేకు పైకి, కుడి రెక్కపై రేకు క్రిందికి కదలవలెను. వెనుకకు లాగినప్పుడు ఎలివేటరు పైకి లేవవలెను. కదలిన చాలదు, సరియైన దిశకు కదలవలెను. 1935లో హిల్ విమానమును కూల్చిన తాళమును పట్టి ఇచ్చునది ఈ అంశమే. సెస్నా చోదకదండమునకు వేయు తాళపు కడ్డీకి ఎర్రని రేకు తగిలించుటయు అందులకే.

చదువువాడు, చేయువాడు

పట్టికను వాడు పద్ధతులు రెండు. మొదటి పద్ధతిలో అంశమును చదివి, వెంటనే ఆ పని చేసి, తరువాతి అంశమునకు పోవుదురు. రెండవ పద్ధతిలో పనులన్నియు అలవాటైన వరుసలో ముందు చేసి, పిమ్మట పట్టిక చదివి సరిచూతురు. పెండ్లి సరుకులు కట్టించుకొనువారు కిరాణా దుకాణమున ఈ రెంటిని చూచియే యుందురు. చీటీ చదివి ఒక్కొక్క సరుకు తీయించుట మొదటి పద్ధతి. మూట కట్టుటకు ముందు ఒకరు చీటీ చదువుచుండగా మరియొకరు సరుకుపై చేయివేసి “ఉన్నది” అని పలుకుట రెండవది. చేయి వేయక “ఉన్నది” అన్నచో చింతపండు ఇల్లు చేరదు.

ఇద్దరు పైలటులున్న పెద్ద విమానములలో ఒకరు ప్రశ్నింపగా మరియొకరు చూచి బదులు చెప్పుదురు. జనగామ మీదుగా సికిందరాబాదు–కాజీపేట మార్గమున పోవు రైళ్ళలో లోకోపైలటు, అతని సహాయకుడు ఎదుటి సిగ్నలు రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకొనుటయు ఇట్టిదే. కంటితో చూచినదానిని నోటితో పలుకుట వలన మనసు పరధ్యానమున పడదు. తప్పు పలికినచో రెండవవాడు దిద్దును.

చిన్న విమానమున ఒంటరిగా పోవు పైలటునకు ఆ రెండవవాడు లేడు. ప్రశ్నించువాడు, చేయువాడు, సాక్షి అతడే. యాప్ ప్రవేశించినది ఈ ఖాళీలోనికి.

పట్టిక ఉండియు జరిగిన ప్రమాదములు

యాప్ గుణదోషములు తెలియుటకు, పట్టిక ఉండియు విఫలమైన సందర్భములు మూడింటిని పోల్చి చూడవలెను.

1987 ఆగస్టు 16న అమెరికాలోని డెట్రాయిట్‌లో నార్త్‌వెస్టు సంస్థ ఎం.డి.-82 విమానము, లేచునపుడు రెక్కల వెనుక అంచున చాపవలసిన ఫ్లాపులు చాపకయే పరుగెత్తి, లేచిన వెంటనే కూలినది. విమానములోని 155 మందిలో 154 మంది, నేలపై ఇద్దరు మరణించిరి. నాలుగేండ్ల బాలిక ఒకతె బ్రతికినది. ఆ దశకు సంబంధించిన పట్టికను చోదకులు చదువలేదని విచారణలో తేలినది. హెచ్చరిక చేయవలసిన పరికరమునకు విద్యుత్తు అందలేదు.

1988 ఆగస్టు 31న డల్లస్‌లో డెల్టా సంస్థ బోయింగు 727 అదే విధముగా కూలి 14 మంది మరణించిరి. ఇచట పట్టికను చదివిరి. “ఫ్లాపులు” అని ప్రశ్న వచ్చినది, సరియైన సంఖ్యతో బదులు వచ్చినది, ఆ మాటలు కాక్‌పిట్ ధ్వనిముద్రణలో నిలిచియున్నవి. ఫ్లాపులు మాత్రము చాపలేదు. నోరు అలవాటు చొప్పున పలికినది, కన్ను చూడలేదు.

2014 మే 31న మసాచుసెట్స్ రాష్ట్రమున బెడ్‌ఫర్డు విమానాశ్రయమున గల్ఫ్‌స్ట్రీమ్ జి-4 అను ఆధునిక జెట్టు విమానము లేవలేక పరుగుదారి దాటి మండిపోయినది. ఏడుగురు మరణించిరి. కారణము: గాలి తాళము తీయలేదు. 1935 నాటి తప్పు 79 ఏండ్ల తరువాత తిరిగి వచ్చినది. ఆ చోదకుల వెనుకటి 175 ప్రయాణముల లెక్కలు తీయగా, నూటికి 98 పర్యాయములు వారు నియంత్రణముల పరీక్షను పూర్తిగా చేయలేదని తెలిసినది. ప్రతిసారి విడిచినను ఏమియు కాకపోవుటయే వారికి ధైర్యమిచ్చినది.

మొదటిచోట పట్టికను విడిచిరి. రెండవచోట పట్టికను చదివి విమానమును చూచుట విడిచిరి. మూడవచోట విడుచుటయే అలవాటైనది. అసఫ్ డెగానీ, ఎర్ల్ వీనర్ అను శాస్త్రజ్ఞులు నాసా కొరకు ఈ పట్టికల వాడుకను పరిశీలించి 1990లో ప్రకటించిన నివేదికలో, పట్టికల నిర్మాణముతోబాటు వానిని వాడు మనుష్యుల నడవడిని పట్టించుకొనవలెనని చెప్పిరి. తాను చూడగోరిన దానినే కన్ను చూచును. “సరిగా నుండును” అని ఎదురుచూచు కంటికి సరికానిదియు సరిగనే కనబడును.

యాప్ చేయగల మేలు

కాగితమునకు లేని కొన్ని గుణములు యాప్‌నకు కలవు. అన్నిటికంటె గొప్పది అంతరాయము పిమ్మట చోటు చూపుట. ఐదు అంశములు తాకి గుర్తు పెట్టగా రేడియో పిలుపు వచ్చినను, తిరిగి చూచునప్పటికి ఆరవ అంశము వెలుగుచుండును. కాగితముపై ఆ చోటు చోదకుని జ్ఞాపకముననే నిలువవలెను.

వదలిన అంశమును యాప్ దాచదు. ఒకదానిని దాటి ముందుకు పోయినచో, చివర “ఒకటి మిగిలినది” అని చూపును. కొన్ని యాప్‌లు అంశములను హెడ్‌సెట్‌లో చదివి వినిపించును. పైలటు కన్ను తెరపైనుండి లేచి పరికరములవైపు పోవుటకు ఇది సహాయపడును. ఒంటరి చోదకునికి ప్రశ్నించు తోడు దొరకినట్లగును. అత్యవసర పట్టికలు పుటలు త్రిప్పకయే ఒక్క తాకిడితో వచ్చును. రాత్రివేళ అక్షరములు తామే వెలుగును. ఒకే విమానమును పదిమంది విద్యార్థులు నడపుచోట, మార్పు వచ్చినప్పుడు పదింటిలోను ఒకేసారి సవరింపవచ్చును.

డెట్రాయిట్ వంటి మరపునకు ఇవి మంచి మందు. డల్లస్ వంటి మరపునకో?

యాప్ ఎరుగని సంగతి

నేడు పెక్కు మోటారు సైకిళ్ళలో, ప్రక్క స్టాండు తీయనిచో ఇంజను నడువని ఏర్పాటు కలదు. స్టాండువద్ద నొక మీట ఉండి దాని స్థితిని యంత్రమునకు తెలుపును. యంత్రము నిజస్థితిని తానే గ్రహించుచున్నది. 1995లో ప్రయాణికుల సేవకు వచ్చిన బోయింగు 777 విమానపు ఎలక్ట్రానిక్ పట్టిక ఇట్టిది. మీట సరియైన చోట నున్నచో ఆ అంశము తనంతట ఆకుపచ్చ గుర్తు పొందును, లేనిచో పొందదు.

చిన్న విమానమున తొడపై కట్టుకొన్న టాబ్లెట్‌నకు అట్టి తీగ ఏదియు లేదు. తాళము తీయబడినదా లేదా, ఇంధనపు మీట ఏ వైపున్నది అను సంగతి దానికి తెలియదు. తెరను వ్రేలు తాకినదను ఒక్క సంగతియే దానికి తెలియును. ఆకుపచ్చ గుర్తు విమానపు స్థితిని చెప్పదు, వ్రేలి కదలికను చెప్పును. పది అంశములను చకచక తాకుట పది అంశములను చదువుట కంటె సులభము. డల్లస్‌లో నోరు చేసిన పనిని ఇచట వ్రేలు చేయగలదు.

యంత్రము తానే గ్రహించినను చిక్కు పూర్తిగా తీరదు. కాథలీన్ మోజియర్, పామర్, డెగానీ 1992లో ప్రకటించిన ప్రయోగమున, కృత్రిమ చోదకశాలలో పైలటులకు ఇంజను మంటను గూర్చి సందిగ్ధమైన హెచ్చరిక ఇచ్చిరి. తానే గ్రహించు ఎలక్ట్రానిక్ పట్టిక గల బృందములలో 75 శాతము ఆపగూడని ఇంజనును ఆపినవి. కాగితపు పట్టిక గలవానిలో 25 శాతము మాత్రమే ఆ తప్పు చేసినవి. పరీక్షకు వచ్చిన బృందములు తక్కువే యైనను, పాఠము స్పష్టము. యంత్రము చెప్పినదన్న నమ్మకము పెరిగినకొలది మనిషి తాను చూచుట తగ్గించును.

కొన్ని యాప్‌లు లెక్కలు కూడ కట్టును. బేగంపేట సముద్రమట్టమునకు సుమారు 1,740 అడుగుల ఎత్తున నున్నది. ప్రమాణ వాతావరణమున ఆ ఎత్తున ఉష్ణోగ్రత సుమారు 11.5 డిగ్రీలు. మే నెలలో 40 డిగ్రీలున్నచో అధికము 28.5 డిగ్రీలు. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,420 అడుగులు కలుపగా 5,160 అడుగులు వచ్చును. అనగా నేలపై నున్న విమానము అంత ఎత్తున పలుచని గాలిలో నున్నట్లు ప్రవర్తించును. లేచుటకు ఎక్కువ దూరము పరుగెత్తవలెను. యాప్ ఈ లెక్కను రెప్పపాటులో కట్టును. కాని 40కి బదులు 30 అని వ్రాసినచో, అంతే చక్కని అక్షరములతో తప్పు జవాబిచ్చును.

ఎండ మరొక చిక్కు తెచ్చును. ఐప్యాడ్‌ను 0 నుండి 35 డిగ్రీల పరిసరములలో వాడవలెనని తయారీదారులే చెప్పుచున్నారు. తెలంగాణ వేసవిలో నీడపట్టుననే 40 డిగ్రీలు దాటును. గాజు కప్పు క్రింద ఎండలో నిలిపిన విమానపు లోపల మరింత వేడి యుండును. వేడెక్కిన టాబ్లెట్ తెర మసకబారును, పిదప తనంతట ఆగిపోవును. కాగితమునకు ఈ భయము లేదు. 2015 ఏప్రిలులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలటుల ఐప్యాడ్‌లలో పటములు చూపు యాప్ ఒక్కసారిగా పనిచేయక, పదుల సంఖ్యలో విమానములు ఆలస్యమైనవి. కావున రెండవ పట్టిక, అదియు కాగితముపైనిది, చేతికందుచోట నుండవలెను. యాప్‌లోని అంశములు ఆ విమానపు నిర్మాత ఇచ్చిన పుస్తకముతో పోల్చి చూచినవై యుండవలెను. సెస్నా 152 పట్టిక 172నకు చెల్లదు. ఎగురునపుడు టాబ్లెట్‌లో సందేశములు, పిలుపులు రాకుండ మూయవలెను. అంతరాయమును తప్పించుటకు తెచ్చిన సాధనమే అంతరాయము కలిగింపరాదు గదా!

ఎనుబది సెకనులు

పట్టికకు తావులేని సమయమును గూర్చియు పైలటు తెలిసికొనవలెను. సెస్నా 172 నేలకు 1,000 అడుగుల ఎత్తున నుండగా ఇంజను ఆగినదనుకొనుడు. ఆ విమానము గాలిలేని వేళ ఒక అడుగు దిగుటకు సుమారు 9 అడుగులు ముందుకు జారగలదు. 1,000 అడుగులకు 9,000 అడుగులు, అనగా సుమారు 2.7 కిలోమీటర్లు. పాత నమూనాలలో అందులకు తగిన వేగము 65 నాట్లు, అనగా సెకనునకు 33 మీటర్లు. 2,700ను 33తో భాగించిన 82 సెకనులు. అన్ని పనులు ఈ వ్యవధిలోనే ముగియవలెను.

అప్పుడు టాబ్లెట్ తాళము తెరచి, వెదకి, చదువువాడు వేగమును కోల్పోవును. కావున మొదటి రెండు మూడు పనులను కంఠస్థము చేయింతురు: ముక్కు వంచి సరియైన వేగము నిలుపుట, దిగుటకు చోటు ఎంచుకొనుట, ఇంధనపు మీటను చూచుట. వ్యవధి మిగిలిననే పట్టిక. విమానము నడపుట ముందు, దారి చూచుకొనుట పిదప, మాటలాడుట చివర అను సూత్రము ఇందుండియే వచ్చినది. జ్ఞాపకమునకు, పట్టికకు వైరము లేదు. ఆలస్యము ఓపని పనులు జ్ఞాపకమునకు, మరపునకు లోబడు పనులు పట్టికకు.

ఆసుపత్రి చెప్పిన పాఠము

విమానశాలనుండి ఈ పట్టిక ఆసుపత్రులకు పోయినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సలకు ఒక తనిఖీ పట్టిక ప్రకటించెను. న్యూఢిల్లీతో కలిపి ఎనిమిది నగరముల ఆసుపత్రులలో దానిని పరీక్షింపగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో వెల్లడియైనది. తరువాత కెనడాలో ఒంటారియో రాష్ట్రమున 101 ఆసుపత్రులు దానిని అమలు చేసినవి. అచట చెప్పుకొనదగిన తగ్గుదల కానరాలేదని 2014లో ప్రకటింపబడినది. ఈ భేదమునకు కారణములను గూర్చి వైద్యులు వాదించుకొనిరి. పట్టికను గది గోడకు తగిలించుట, గదిలోనివారు ఆగి ఒకరినొకరు అడిగి చూచుకొనుట ఒకటి కావని పెక్కుమంది చెప్పిరి.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును ఉపాధ్యాయులు పాఠశాల ప్రయోగశాలలోనే పరీక్షింపవచ్చును. ఓమ్ నియమపు ప్రయోగమునకు కావలసిన వలయమును అమర్చుటకు పన్నెండు అంశముల పట్టిక వ్రాయుడు: స్విచ్ తెరచియున్నదా, అమ్మీటరు శ్రేణిలో నున్నదా, వోల్టుమీటరు సమాంతరముగ నున్నదా, ధ్రువములు సరిగ కలిపితిరా, రియోస్టాటు అత్యధిక నిరోధముకడ నున్నదా, తీగల కొనలు గీకి శుభ్రపరచితిరా మున్నగునవి. విద్యార్థులను నాలుగు జట్లు చేయుడు. ఒక జట్టు జ్ఞాపకముతో, రెండవది కాగితముతో, మూడవది ఫోనులోని పట్టికను తాకుచు, నాలుగవది ఒకరు చదువగా మరియొకరు వస్తువుపై వ్రేలుంచి పలుకుచు పని చేయవలెను.

పని నడుమ ప్రతి జట్టును ఒకసారి పిలిచి వేరొక ప్రశ్న అడుగుడు. మరియు, వారెరుగకుండ ముందే ఒక తప్పు అమర్చియుంచుడు: ఒక తీగ కొన గీకకుండుట, లేక వోల్టుమీటరు ధ్రువములు తారుమారు చేయుట. స్విచ్ వేయుటకు ముందు ఉపాధ్యాయుడు తానే వలయమును చూచి, ఏ జట్టు ఎన్ని అంశములు వదలినది, ఏ జట్టు దాచిన తప్పును కనుగొన్నది వేర్వేరుగా లెక్కింపవలెను. వదలుట ఒక జాతి దోషము, చూచియు కానకపోవుట మరొక జాతి దోషము. ఒకే సాధనము రెంటిని సమముగ తగ్గించినదా లేదా అనునది విద్యార్థులు తామే పట్టిక వేసి తేల్చుకొనవచ్చును. జట్లను మార్చి రెండు మూడు సార్లు చేసినగాని ఫలితమును నమ్మరాదని కూడ వారికి చెప్పవలెను.

విమానమున నైనను, ప్రయోగశాలయం దైనను, ఒక్కొక్క అంశమునకు మూడు పనులు కలవు: చదువుట, వస్తువును తాకి చూచుట, పిదప గుర్తు పెట్టుట. మొదటిదానిని, మూడవదానిని యాప్ సులభము చేసినది. నడుమనున్నది నేటికిని పైలటు చేతిలోనే యున్నది.